కామా లేని ప్రమాణం

వందమంది కలిసి ఒకే ప్రమాణాన్ని ఒకే గొంతుతో పలికినప్పుడు, మీ పక్కన నిలబడ్డ మనిషి కూడా దాన్ని మీరనుకున్న అర్థంతోనే పలికిందని మీకెలా తెలుసు?

కళాశాల చర్చా పోటీలలో మాకు మొట్టమొదట నేర్పిన పాఠం ఒకటుంది: అంశాన్ని సమర్థించే ముందు, ఖండించే ముందు, అందులోని పదాలను నిర్వచించాలి. ఆ అలవాటు నన్ను వదలలేదు. చదువు పూర్తయ్యాక ఫిలింనగర్‌లో ఒక రచయిత దగ్గర సహాయకురాలిగా చేరాను. అక్కడ మా పనిని సిట్టింగ్ అంటారు. ఈ పేటలో ఆ మాటకు రెండర్థాలున్నాయి గనుక ముందే చెబుతున్నాను, నేను కూర్చున్నది కథ కోసమే, సీసా కోసం కాదు. ఉదయం కూర్చుంటే సాయంత్రం లేచేవాళ్లం. కథ కదలనప్పుడల్లా చాయ్ వచ్చేది. కథ తరచుగా కదిలేది కాదు. చాయ్‌తోపాటు ఉస్మానియా బిస్కట్లు, బిస్కట్ల తరువాత ఎవరో ఒకరి సినిమా విడుదలైందని మిఠాయిలు. ఏడాది తిరిగేసరికి జూబ్లీహిల్స్ ఎత్తు రోడ్డు ఎక్కుతూ సగంలో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్లు నటించి ఊపిరి పీల్చుకోవలసిన స్థితికి వచ్చాను.

చక్కెర మానేయాలని నిర్ణయించుకున్నది అప్పుడే. ఎవరో చెప్పారని కాదు. చెప్పేవాళ్లందరి మీదా నాకు అనుమానమే. తెల్ల చక్కెర విషమంటూ పక్కనే బెల్లం పాకం పోసినవాళ్లను చూశాను. చక్కెర వేయలేదన్న అట్టపెట్టె వెనక చిన్న అక్షరాలలో మరో పేరుతో అదే తీపి దాక్కుని ఉండడం చూశాను. మా క్యాంటీన్ సాంబారు తియ్యగా ఉందని అడిగితే వంటాయన, "బెల్లం ముక్క పడకపోతే అది సాంబారెలా అవుతుందండీ?" అని నన్నే ఎదురడిగాడు. ఆ రోజునుంచి సాంబారు కూడా నా అనుమానితుల జాబితాలో చేరింది.

మొదటి వారం తలనొప్పి వచ్చింది. రెండో వారం అకారణంగా కోపం వచ్చింది. ఆ తరువాత, ఒప్పుకోవాలి, మధ్యాహ్నం కునుకు పోయింది, ముఖం తేటపడింది, చాయ్‌లో పాలకు సొంత తీపి ఒకటుందని నాలుక కనిపెట్టింది. ఎత్తు రోడ్డు మీద ఫోన్ తీయవలసిన అవసరం తగ్గింది. ఇంత మంచి జరుగుతుంటే ఇందులో ఎక్కడో మోసముండాలని కూడా అనిపించింది.

నా మార్పును అందరికంటే ముందు గమనించింది మా మేనత్త. నాన్నకు అక్క. యూసుఫ్‌గూడలో ఒంటరిగా ఉంటుంది. సినిమాలలో తల్లి పాత్రలకు గొంతు ఇవ్వడం ఆమె వృత్తి. మైకు ముందు నిలబడితే గోదావరి జిల్లాల అమ్మలా "పంచదార తెచ్చావా నాయనా?" అంటుంది. మైకు దాటి రెండడుగులు వేయగానే "చక్కెర తెచ్చినవ్‌రా?" అంటుంది. చాలా ఏళ్లుగా ఆమెకు షుగర్ జబ్బు ఉంది. ఉదయం, రాత్రి గోలీలు వేసుకుంటూ దానితో సర్దుకుపోయింది.

"ఏందే వకీలమ్మా, బుగ్గలు కరిగినయి? ఏం చేసినవ్?" అని అడిగింది ఒకనాడు. ప్రతిదానికీ వాదిస్తానని నాకామె పెట్టిన పేరది.

"చక్కెర బంద్ చేసిన అత్తా."

"నువ్వు చేస్తే నేను చెయ్యనా? నాకే కదా అసలు షుగర్ ఉన్నది!"

ఆమె ఒంటరిగా చేసే మనిషి కాదు. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా హాలులో 'చక్కెర దీక్ష' అని ఒక తరగతి నడుస్తోందని, సినిమావాళ్లు చాలామంది చేరుతున్నారని స్టూడియోలో ఎవరో చెప్పారట. మాలధారణ లేదు గానీ మిగతాదంతా దీక్ష పద్ధతే. మండలం రోజుల నియమం, మొదటి రోజు ప్రమాణం, చివరి రోజు సన్మానం. నాకు ఒళ్లు మండింది. ఆరోగ్యానికి భక్తి పూత పూయడమంటే ప్రశ్నకు తలుపు మూయడమే. అందుకే అత్తతోపాటు నేనూ చేరాను. తలుపు మూసేటప్పుడు లోపల ఒకరైనా ప్రశ్నించేవాళ్లు ఉండాలి కదా.

దీక్ష నడిపేవాడిని అందరూ కోచ్‌గారనేవారు. విజయవాడ వైపు మనిషి, కండలు తిరిగిన ఒళ్లు, చక్కటి మాట. నా కళ్లు మొదటి నిమిషంనుంచీ దొంగను వెతికాయి. దీక్షలో చేరినవాళ్లకు ఇవ్వడానికి బల్లమీద పేర్చిన మూలికల పొడి డబ్బాలను చూశాను. ఖర్జూరం లడ్డూల పళ్లాన్ని చూశాను. లేచి అడిగాను.

"ఖర్జూరంలో తీపి ఎక్కడినుంచి వచ్చిందండీ?"

"అది ప్రకృతి ఇచ్చిన తీపి అండీ."

"చెరుకును ఎవరిచ్చారు?"

హాలు నవ్వింది. ఆయనా నవ్వాడు. "మేడమ్‌గారు రచయిత్రి అనుకుంటా. డైలాగు బాగుంది" అని చప్పట్లు కొట్టించాడు. అత్త నా కొంగు లాగి కూర్చోబెట్టింది. "గిన్ని అనుమానాలైతే నిన్ను ఎర్రగడ్డలనే చేర్పియ్యాలె. ఇల్లు గూడ దగ్గరే నీకు" అంది. ఎర్రగడ్డలోనే పుట్టిపెరిగిన నాకు మానసిక వైద్యశాల మీద ఆ పాత పరిహాసం కొత్తేమీ కాదు.

తరువాత ప్రమాణం. అందరం లేచి కుడిచేయి చాపాం. ఆయన ఒక్కో వాక్యం చెబుతుంటే మేం తిరిగి చెప్పాం. "ఈ మండలం రోజులు నేను షుగర్ మందు ముట్టను." వందమంది అదే తూకంలో, అదే ఊపులో పలికారు. వెనక వరుసలో ఇద్దరు సహాయ దర్శకులు ఒకరినొకరు చూసుకుని "అయిపోయాంరా" అని గొణిగారు. వారాంతపు సీసాలకు వారలా వీడ్కోలు చెప్పుకుంటున్నారని నాకు అర్థమై నవ్వొచ్చింది. పక్కన అత్త కళ్లు మూసుకుని, వెంకన్నకు మొక్కినంత నిష్ఠగా పలికింది.

ఆ రోజునుంచి అత్త పలచబడసాగింది. నేను తగ్గినట్లు నెమ్మదిగా కాదు, చూస్తుండగానే. రవికె చేతులు వదులయ్యాయి. చేతి గాజులు మోచేతివరకు జారాయి. స్టూడియోలో అందరూ రహస్యం అడిగేవారు. దీక్షవాళ్ల వాట్సాప్ బృందంలో ఆమె ఫొటో పెడితే దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరుసకట్టేవి. కోచ్‌గారు ఆమెను 'మన ఆదర్శం' అన్నాడు.

నాకు ఆ మాట నచ్చలేదు. ఒకే నియమం పాటిస్తున్న ఇద్దరిలో చిన్నదాన్నైన నేను ఇంత కష్టపడి ఇంతే తగ్గితే, ఆమె అంత సులువుగా అంతలా ఎలా తగ్గింది? అసూయ అని మీరనవచ్చు. కొంత ఉంది. అయితే వాదానికి అసూయ కారణమైనా, సాక్ష్యం మాత్రం వేరే ఉంది.

ఒకరోజు ఆమె డబ్బింగ్ చెబుతుంటే వెళ్లాను. అద్దం వెనక గదిలో శబ్దం చూసే ఇంజినీరు, అద్దం అవతల మైకు ముందు అత్త. కొడుకును నిలదీసే తల్లి సన్నివేశం. రెండు వాక్యాలు చెప్పి ఆగి నీళ్లు తాగింది. మళ్లీ రెండు వాక్యాలు, మళ్లీ నీళ్లు. పెద్ద సీసా ఖాళీ అయింది. ఆ తరువాత "జర ఆగండి" అంటూ బయటికి వెళ్లింది. వచ్చిన కాసేపటికి మళ్లీ వెళ్లింది.

"అమ్మగారూ, సీసా సరిపోవట్లేదు గానీ ట్యాంకర్ తెప్పించమంటారా?" అన్నాడు ఇంజినీరు మైకులో.

"తెప్పియ్యి. నీ సినిమల ఏడ్వనీకి కన్నీళ్లు యాడికెళ్లి తేవాలె నేను?"

గదిలో అందరూ నవ్వారు. ఆమె కాగితాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది, దూరం పెట్టింది, కళ్లద్దాలు తుడుచుకుంది. తెలిసిన సంభాషణనే తప్పు చదివింది. ఏళ్ల తరబడి గొంతు కంటే ముందు కన్ను పరిగెత్తిన మనిషి ఆమె. నాకు నవ్వు రాలేదు.

నా అనుమానమంతా పొడి డబ్బా మీదికి పోయింది. అందులో ఏదో కలుపుతున్నారు, ఒంట్లో నీరు లాగేస్తున్నది అదే. మర్నాడు ఉదయమే యూసుఫ్‌గూడ వెళ్లాను. అత్త వంటింట్లో చాయ్ పెడుతోంది. చక్కెర డబ్బా ఉండే చోట ఖాళీ.

"అత్తా, గా పొడి డబ్బా ఎక్కడున్నది? జర చూపియ్యి."

"అటక మీదున్నది. ఎందుకే?"

"ఎంత వాడినవ్?"

"నేను మూతనే తియ్యలే. చేదుగ ఉంటదంట. ఇయ్యంగ తీసుకున్న, అంతే."

డబ్బా దించి చూశాను. సీలు అలాగే ఉంది. నా వాదమంతా ఒక్క మూత దగ్గర కూలిపోయింది. ఏం చేయాలో తోచక, వాదం ఓడినవాళ్లు చేసే పని చేశాను. మొదటినుంచి మొదలుపెట్టాను.

"రాత్రి ఏం తిన్నవ్?"

"రొట్టె. పప్పు."

"పొద్దున లేచి?"

"నీళ్లు. శానా నీళ్లు."

"గోలీ ఏసుకున్నవా?"

"ఏం గోలీ?"

"షుగర్ గోలీ అత్తా."

ఆమె చాయ్ వడకడుతున్న చేతిని ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "నేనంటే ఏమనుకున్నవే? మాటిచ్చి తప్పుతనా? దీక్షల ఉన్న."

"దీక్షకూ గోలీకీ ఏం సంబంధం?"

"ఏం సంబంధమా? నా పక్కనే నిలవడి, చెయ్యి చాపి నువ్వు గూడ చెప్పితివి కదనే! షుగర్ మందు ముట్టనని!"

ఒక్క క్షణం నాకు ఆమె అన్నది అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. ఆ వాక్యం మళ్లీ చెవిలో మోగింది. షుగర్, మందు. షుగర్ మందు. నేను ఒక కామా పెట్టుకుని విన్నాను. ఆమె కామా లేకుండా విన్నది. పలికిన వాక్యంలో మాత్రం కామా లేదు.

"అత్తా, ఆయన అన్నది తాగే మందు. సారా, బీరు, విస్కీ. గా మందు."

"నేనెప్పుడన్న తాగిన్నా?"

"లేదు గానీ..."

"మరి తాగనిదాన్ని నేను ఎట్ల మానుత? నాకున్నది ఒక్కటే మందు. ఉన్నదాన్నే మానిన." కప్పు నా చేతికిచ్చి, కొంచెం గర్వంగానే అంది, "అయినా చక్కెరే తింటలేనప్పుడు చక్కెర గోలీ ఎందుకు? నువ్వే చెప్పు. పెద్ద వకీలువు కదా."

ఎన్నో వేదికల మీద ఎన్నో వాదాలు విన్నాను. ఇంత నిర్దుష్టంగా కనిపిస్తూ ఇంత ప్రమాదకరమైన వాదం వినలేదు. తినే చక్కెరకూ నెత్తురులో ఉండే చక్కెరకూ మన భాష ఒకే పేరు పెట్టింది. ఆ పేరునే పట్టుకుని నడిస్తే అత్త చేరిన చోటికి ఎవరైనా చేరతారు. అన్నం, రొట్టె, పండు, ఏది తిన్నా నెత్తురులోకి చేరేది చక్కెరగానే అని, ఆ గోలీ దానికోసమని చెప్పబోయాను. ఆమె స్టవ్ పక్కనున్న గోడ పట్టుకుంది. "జర కళ్లు తిరుగుతున్నయ్" అంది.

ఆటో ఎక్కించి వీధి చివరి క్లినిక్‌కు తీసుకెళ్లాను. డాక్టరమ్మ వేలు గుచ్చి, యంత్రం చూసి, నమ్మలేక రెండో వేలు గుచ్చింది. "మందులు ఎప్పుడు ఆపారు?" అని అడిగింది. "దీక్ష పట్టిన దినం సంది" అంది అత్త. డాక్టరమ్మ నా వైపు చూసింది. "ఈ సన్నబడడం ఆరోగ్యం కాదమ్మా. తిన్నది ఒంటికి పట్టక, కండ కరిగిపోతోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే స్పృహ తప్పేది. ఇవాళే ఆసుపత్రిలో చేర్చండి, రేపు కాదు."

బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్, ఇన్సులిన్. ముంజేతికి సూది గుచ్చి ఉండగా అత్తకు దిగులంతా ఒక్కదాని మీదే. "ఎల్లుండి దీక్ష ముగింపు. నాకు శాలువ కప్పుతరంట. అందరికన్న ఎక్కువ తగ్గింది నేనేనంట." గొంతు తగ్గించింది. "బిడ్డా, నేను సచ్చిపోతుంటినా?"

సూది కదలకుండా ఆమె చేయి పట్టుకున్నాను. "ఇప్పుడు కాదు" అన్నాను.

ముగింపు సభకు నేనొక్కదాన్నే వెళ్లాను. ఆవేశం ఉంది గానీ, ఆసుపత్రి నడవాలో కూర్చుని నా అభియోగాన్ని నేనే పరీక్షించుకున్నాను. కోచ్‌గారు గోలీలు మానమన్నాడా? అనలేదు. రోగాలున్నవారు వైద్యుణ్ణి అడగాలని హాలు గోడ మీద ఇంగ్లీషులో రాసి ఉంది కూడా. అత్త అబద్ధమాడిందా? లేదు. తప్పు ఎవరి నోటినుంచీ రాలేదు. అందరి నోటినుంచీ ఒకేసారి వచ్చింది.

అత్త పేరు పిలిచారు. వేదిక ఎక్కాను. శాలువా విప్పుతున్న కోచ్‌గారితో, "ఆమె ఆసుపత్రిలో ఉంది. మీరు ముట్టవద్దన్న షుగర్ మందు మానేసింది" అన్నాను. ఆయన ముఖంలో రంగు మారింది.

"మేడమ్... మందు అంటే నా ఉద్దేశం ఆ మందు అండీ. డ్రింక్స్! అందరికీ తెలుసు కదండీ!"

"అందరికీ తెలుసని మీకెలా తెలుసు?"

"ఇంతమందిలో మీ అత్తగారికి ఒక్కరికే అలా వినబడిందంటే..."

"ఒక్కరికేనా? అడిగి చూద్దామా?"

ఆయన మైకు ఇవ్వలేదు, అడ్డుకోనూ లేదు. నేనే తీసుకున్నాను. "ప్రమాణం చేశాక షుగర్ గోలీ గానీ, బీపీ గోలీ గానీ, డాక్టరు రాసిన మరే గోలీ గానీ ఆపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను.

ఎవరూ కదలలేదు. నేను ఓడిపోయాననుకుని కోచ్‌గారి ముఖం తేటపడుతుండగా, మూడో వరుసలో తెల్లచొక్కా పెద్దాయన ఒకరు మెల్లగా లేచారు.

"నేను ఆపానండీ. బీపీది. షుగర్ మందొకటే అన్నారు గానీ... దీక్ష కదా, ఒకటి మాని ఒకటి మింగడం బాగుండదని రెండూ ఆపేశాను."

ఆయన పక్కన కూర్చున్న భార్య తలెత్తి చూసింది. "రోజూ నీళ్లు అడిగి పుచ్చుకుంటున్నారు కదండీ, గోలీ కోసమని!"

"నువ్వు గొడవ చేస్తావని" అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. కోచ్‌గారు శాలువాను మడిచి కుర్చీ మీద పెట్టి, మైకు తీసుకున్నాడు. "ఎవరైనా గోలీ ఆపివుంటే దయచేసి ఇప్పుడే మీ డాక్టరుగారికి ఫోన్ చేయండి. సభ సంగతి తరువాత" అన్నాడు. అది నటన కాదనే అనిపించింది. తరువాతి దీక్షనుంచి ప్రమాణంలో 'చక్కెర, మద్యం' అంటున్నారని విన్నాను. స్వయంగా వెళ్లి వినలేదు గనుక ఇంకా నమ్మడం లేదు.

అత్త ఇంటికి వచ్చింది. కొంతకాలం ఇన్సులిన్, ఇప్పుడు మళ్లీ గోలీలు. ఒళ్లు కూడా తిరిగొచ్చింది. "కుట్టిచ్చుకున్న రవికెలన్నీ మళ్ల బిర్రయినయి. అంతా నీ వల్లనే" అని తిడుతుంది. మైకు ముందు ఇప్పుడు ఒక పేజీ చదివాకగాని నీళ్లు అడగదు. చక్కెర మాత్రం ఇద్దరం ముట్టడం లేదు. నాకు అది మేలు చేసింది, ఆ మాట దాచను. అయితే ఎవరు సన్నబడ్డా ముందుగా అభినందన నోటికి రావడం నాకు ఆగిపోయింది.

తెల్లచొక్కా పెద్దాయన భార్య మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆమె పట్టించుకోలేదని కాదు. రోజూ నీళ్లు కూడా ఇచ్చింది. అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ఇది చదవడం ముగించి లేవండి. మీ ఇంట్లో షుగరో, బీపీయో ఉన్న పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. "వేసుకుంటున్నారా?" అని అడగవద్దు. ఆ ప్రశ్నకు అవునన్న జవాబు చాలా తేలికగా వస్తుంది. గోలీల పట్టీ తెమ్మని, చేతిలోకి తీసుకుని, ఎన్ని గుంటలు ఖాళీ అయ్యాయో మీ కళ్లతో చూడండి. నిండుగా ఉంటే కోప్పడకండి, ఏ మాట విని ఆపారో అడగండి. ఆ తరువాత డాక్టరుకు ఫోన్ చేయండి. ఇవాళే.